ఓటు - విశ్వాసి ఇచ్చే సాక్ష్యం

ఎన్నికల ప్రకటన వెలువడిన తొలి శుక్రవారమే ఇది మొదలవుతుంది. తెనాలి కానివ్వండి, బాపట్ల కానివ్వండి, రేపల్లె కానివ్వండి, జుమా నమాజు ముగించుకుని చెప్పులు తొడుక్కుంటూ ఎవరో ఒకరు ఇమాం గారిని అడుగుతారు: “హజ్రత్! ఈసారి మనవాళ్ళం ఎవరికి వేద్దాం?”

అడిగినవారి ఉద్దేశం మంచిదే. ధర్మం ఏం చెబుతుందో తెలుసుకుని నడవాలన్న తపన అందులో ఉంది. కానీ ఆ ప్రశ్నకు ఒక పేరు జవాబుగా చెప్పే అధికారం ఇమాముకు లేదు. దేశ చట్టం రీత్యా లేదు, షరీఅత్ రీత్యా కూడా లేదు. చట్టం సంగతి ముందు చూద్దాం. ప్రార్థనా స్థలాలను రాజకీయ కార్యకలాపాలకు వాడుకోవడాన్ని 1988 నాటి చట్టం నిషేధించింది. మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపించి అడగడం కూడా దాని కిందికే వస్తుందని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరి 2న మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఈ చట్టాలేవీ లేకపోయినా విశ్వాసికి జవాబు మారదు. ఎందుకు మారదో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఓటుకు షరీఅత్‌లో స్థానం ఏమిటి?

ఓటు అనే పద్ధతి దైవప్రవక్త (స) కాలంలో ఈ రూపంలో లేదు. అందుచేత ఉలమాలు దాని స్వభావాన్ని బట్టి దాని స్థానాన్ని నిర్ణయించారు. ఉర్దూలో దీని గురించి విపులంగా రాసినవారిలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ముఖ్యులు. ఓటులో మూడు అంశాలు ఉన్నాయని ఆయన వివరించారు. ఒకటి షహాదత్: ఈ వ్యక్తి ఈ పనికి యోగ్యుడు, నిజాయితీపరుడు అని ఓటరు సాక్ష్యం ఇస్తున్నాడు. రెండు షఫాఅత్: ఫలానా పదవి ఇతనికి ఇవ్వండని సిఫారసు చేస్తున్నాడు. మూడు వకాలత్: తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా అతన్ని నియమిస్తున్నాడు. ఈ వకాలత్‌లో ఒక చిక్కు ఉంది. సొంత ఆస్తి వ్యవహారంలో తప్పుడు వకీలును పెట్టుకుంటే నష్టం మనకే పరిమితం. ఇక్కడ నష్టం నియోజకవర్గంలోని అందరిదీ.

మూడింటిలోనూ సాక్ష్యం అన్న అంశమే మూలమని నా అభిప్రాయం. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపంతో నిండినదని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 283వ ఆయతు హెచ్చరిస్తోంది. న్యాయం పక్షాన నిలబడాలనీ, ఆ సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ వ్యతిరేకమైనా వెనుకాడరాదనీ నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది. ఒక జాతిపై ఉన్న ద్వేషం కూడా అన్యాయానికి కారణం కారాదన్నది మాయిదా సూరా 8వ ఆయతు బోధ. ఇక అబద్ధపు సాక్ష్యం గురించి దైవప్రవక్త (స) ప్రస్తావించినప్పుడు, అప్పటిదాకా ఆనుకుని కూర్చున్నవారు లేచి సరిగా కూర్చుని, ఆ మాటను పదే పదే చెప్పారని హజ్రత్ అబూ బక్రా (రజి) ఉల్లేఖించారు.

సాక్షి కోర్టుకు వెళ్ళి “మా పేట పెద్ద చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను” అంటే ఏ ఖాజీ అయినా ఒప్పుకుంటాడా? సాక్ష్యం చూసినవాడిది, తెలిసినవాడిది. ఇమాము చెప్పాడనో, జమాఅత్ పెద్దలు తీర్మానించారనో మీట నొక్కితే అది వారి సాక్ష్యం అవుతుంది, మీ వేలితో ఇచ్చిన సాక్ష్యం. కాబట్టి ఇమాము దగ్గర అడగవలసింది పేరు కాదు, సాక్ష్యం ఇచ్చే పద్ధతి.

ఎవరి సాక్ష్యం చెల్లేది?

ఈ రోజు మన చేతిలో ఉన్న హక్కు ఎంత ఆలస్యంగా, ఎన్ని మెట్లు ఎక్కి వచ్చిందో మన యువకులకు తెలియదు. అది తెలిస్తే దాన్ని ఒక కవరుకు అమ్ముకోవడం ఇంత సులువు కాదేమో.

గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. 1909 చట్టం శాసన మండళ్ళలో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే ముస్లిం ఓటరు ముస్లిం అభ్యర్థికే ఓటు వేస్తాడు. ఆ అభ్యర్థికి ఇతరుల ఓటుతో పని లేదు. 1919 చట్టం ఓటర్ల సంఖ్యను పెంచింది గానీ భూమి శిస్తో, పన్నో కట్టే స్తోమత ఉన్నవారికే ఆ హక్కు. తెనాలి కాలువల మీద పడవ నడుపుకునే మనిషికీ, పత్తి ఏకుకుంటూ ఊరూరా తిరిగే దూదేకుల సోదరునికీ, బాపట్ల తాలూకాలోని కౌలు కూలీకీ ఓటు ఎక్కడిది? వారు ముస్లింలా, హిందువులా అన్న ప్రశ్న తరువాతది. వారి సాక్ష్యమే చెల్లదన్నది ఆనాటి రాజ్యం. 1921-22లో పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణ ఉద్యమం చేశారు. ఎవరిని ఓటరుగా నిలబెట్టేది ఆ శిస్తే, దాన్నే కట్టబోమన్నారు వారు. చరిత్రలో ఇలాంటి విచిత్రాలు ఉంటాయి.

స్త్రీల సంగతి చూడండి. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో ఒక మహిళా బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి పురుషులతో పాటు తమకూ ఓటు కావాలని కోరింది. ఆ బృందంలో మౌలానా హస్రత్ మోహానీ భార్య బేగం హస్రత్ మోహానీ కూడా ఉన్నారు. ఇంట్లో కూర్చోవలసిన ఆడవారికి రాజకీయాలెందుకు అనే మన సోదరులు ఈ పేరు గుర్తుంచుకోవాలి. 1921లో మద్రాసు శాసన మండలి స్త్రీలకు ఓటు ఇస్తూ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ఈ అడుగు మొదట వేసింది మద్రాసే. అయితే అదే ఆస్తి షరతు వారికీ వర్తించింది కనుక పేదరాలికి దక్కింది ఏమీ లేదు. 1935 చట్టం తర్వాత కూడా బ్రిటిష్ ఇండియా మొత్తంలో ఓటర్లు సుమారు మూడున్నర కోట్ల మందే.

1947 ఆగస్టులో రాజ్యాంగ సభలో మద్రాసుకు చెందిన బి.పోకర్ సాహెబ్ ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగించాలని ప్రతిపాదించారు. సభ అంగీకరించలేదు. 1949 మేలో మత అల్పసంఖ్యాకుల రిజర్వుడు సీట్లు కూడా రద్దయినప్పుడు, సభలోని ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ ఆ రద్దును సమర్థించారు. పోకర్ సాహెబ్ భయం అకారణమైనదని నేను అనను. చట్టసభల్లో మనవారి సంఖ్య చూసినప్పుడల్లా ఆ భయం గుర్తుకు వస్తుంది. కానీ ప్రత్యేక నియోజకవర్గంలో ఒక లోపం ఉండేది. ముస్లిం అభ్యర్థి తన పొరుగువాని మెప్పు పొందవలసిన అవసరం లేదు. పొరుగు అభ్యర్థికి ముస్లిం గడపతో అవసరం లేదు. ఒకరి యోగ్యతకు మరొకరు సాక్ష్యం ఇచ్చే దారే మూసుకుపోయింది. ఉమ్మడి ఓటర్ల జాబితా ఆ దారి తెరిచింది. 1991లో గుంటూరు లోక్‌సభ స్థానం నుంచి లాల్‌జాన్ బాషా గారు ఎన్నికయ్యారు. కేవలం ముస్లిం ఓట్లతో అక్కడ ఎవరూ గెలవలేరు. మన మనిషి కోసం ఇతరులు సాక్ష్యం ఇచ్చారు; ఇతరుల మంచివాని కోసం మనం ఇవ్వవద్దా? నుబువ్వత్‌కు ముందు మక్కాలో, బాధితుని పక్షాన నిలవడానికి కొందరు చేసుకున్న ‘హిల్ఫుల్ ఫుజూల్’ ఒప్పందంలో దైవప్రవక్త (స) పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానని ఆయన సెలవిచ్చారు.

1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతివారికీ ఓటు. జాబితాలో 17 కోట్ల 30 లక్షలకు పైగా పేర్లు. వారిలో అత్యధికులకు చదువు రాదు కనుక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఆ ఎన్నికల్లో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి తొలగించవలసి వచ్చింది. కారణం వారు తమ పేరు చెప్పకపోవడం! ఫలానావారి భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే రాయించారు. అది ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల ముచ్చటే. అయినా పేరు లేని సాక్షి సాక్షి కాదన్న పాఠం అందరిదీ. 1989 మార్చి 28 నుంచి ఓటు వయసు 18 ఏళ్ళకు తగ్గింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. మన పేటల్లో షేక్ మస్తాన్, షేక్ మస్తాన్ వలి, షేక్ మస్తాన్ బీ ఒకే వీధిలో పది మంది ఉంటారు. తండ్రి పేరు కూడా కలిసిపోతుంది. ఆధార్‌లో ఒక రకంగా, ఓటరు కార్డులో మరో రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా రాసి ఉంటుంది. ఒకటి రెండుసార్లు వచ్చిందనుకుని అసలు పేరే కొట్టివేయవచ్చు. పోలింగు నాడు బూత్ దగ్గర కేకలు వేసి లాభం లేదు. జాబితా ముసాయిదా వచ్చినప్పుడే చూసుకోవాలి. కొత్త పేరుకు ఫారం 6, తప్పుల సవరణకు, చిరునామా మార్పుకు ఫారం 8. కోడలు పుట్టింటి ఊళ్ళో ఓటరుగా మిగిలిపోకుండా ఈ ఫారం 8 ఇంటి పెద్దే గుర్తు చేయాలి. సాక్ష్యం చెప్పే బాధ్యత ఉన్నప్పుడు సాక్షుల పట్టీలో పేరు ఉంచుకోవడం కూడా ఆ బాధ్యతలో భాగమే.

బాపట్ల చెప్పే పాఠం

తెనాలిలో రేపల్లె రైలు ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంట, గంటన్నరలో రేపల్లె చేరతాం. ఈ కొద్ది దూరంలో ఓటరు స్థితి మారిపోతుంది. తెనాలి అసెంబ్లీ స్థానం గుంటూరు లోక్‌సభ పరిధిలో ఉంది. అది జనరల్ సీటు. రేపల్లె, బాపట్ల అసెంబ్లీ స్థానాలు జనరల్ అయినా అవి ఉన్న బాపట్ల లోక్‌సభ స్థానం నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. ఆ ఉత్తర్వుపై వాదోపవాదాలు ఉన్నాయి, అది వేరే వ్యాసం. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే: బాపట్ల లోక్‌సభకు ఏ ముస్లిమూ పోటీ చేయలేడు.

దీన్ని కొందరు బాధగా చెప్పుకుంటారు: “మన సీటు పోయింది.” ఈ మాట అనేముందు రేపల్లె సోదరుడు చుండూరు వైపు ఒకసారి తల తిప్పి చూడాలి. అదే బాపట్ల లోక్‌సభ పరిధిలోని ఆ ఊళ్ళో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. తరతరాలుగా నోరు నొక్కబడినవారికి మాట్లాడే చోటు కేటాయిస్తే అది మన దగ్గర లాక్కున్నది ఎలా అవుతుంది? బిలాల్ (రజి)ను కాబా పైకి ఎక్కించి అజాన్ ఇప్పించిన ప్రవక్త (స) అనుచరులం మనం.

పైగా, చూడగలిగితే ఇందులో ఒక మేలు ఉంది. ఒకప్పటి ప్రత్యేక నియోజకవర్గంలో ముస్లిం ఓటరు ముందు ముస్లింలు మాత్రమే ఉండేవారు. నేటి బాపట్ల లోక్‌సభలో ఒక్కరూ ఉండరు. రెండు చోట్లా ‘మనవాడా కాదా’ అన్న ప్రశ్నకు చోటు లేదు. మరి మిగిలేది ఏమిటి? యోగ్యతే. మద్యన్ పట్టణంలో మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన కుమార్తె రెండు గుణాలు చెప్పింది: శక్తి, నమ్మకం. ఖసస్ సూరా 26వ ఆయతులో ఈ ప్రస్తావన ఉంది. యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజు ఎదుట ఖజానా బాధ్యత కోరినప్పుడు తన వంశాన్ని చెప్పలేదు. కాపాడగలనని, ఆ పని తెలిసినవాడినని చెప్పారు. మరోవైపు హజ్రత్ అబూజర్ (రజి) పదవి అడిగితే, ఆయన అంతటి పుణ్యాత్ముడైనా, ఈ బరువు మోయడానికి బలహీనుడవని దైవప్రవక్త (స) ఇవ్వలేదు. కాబట్టి భక్తి ఒక్కటే చాలదు, సామర్థ్యం ఒక్కటే చాలదు. నిజాంపట్నం మత్స్యకారుల పడవలు, కొల్లూరు లంకలకు వచ్చే వరద, తెనాలి మురుగు కాలువలు, మన పిల్లల ఉర్దూ బడులు, వీటి గురించి అభ్యర్థికి ఏం తెలుసు, ఇంతకు ముందు ఏం చేశాడు, అధికారం ఉన్నప్పుడు బలహీనుని పట్ల ఎలా నడిచాడు అన్నది విచారించాలి. అఫిడవిట్‌లో అతని కేసులు, ఆస్తులు రాసి ఉంటాయి. చదవడం రాకపోతే చదివించుకోవాలి.

“మా ఇంటి ఓటు ఎప్పుడూ ఆ పార్టీదే” అనేవారికి ఒక్క మాట. 1982 మార్చిలో పుట్టిన పార్టీకి 1983 జనవరిలో ఈ రాష్ట్ర ప్రజలు అధికారం ఇచ్చారు. అది మంచిదో కాదో నేను చెప్పడం లేదు. మన తాతలు పార్టీకి బైఅత్ చేయలేదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

మదీనాలో మూడు రోజులు

హిజ్రీ 23లో హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లతో మరణశయ్యపై ఉన్నారు. తరువాతి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురిని నియమించారు. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సలహా ఇవ్వవచ్చు గానీ పదవిలో అతనికి వాటా లేదని స్పష్టం చేశారు. ఆ ఆరుగురిలో ఒకరైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తాను పోటీ నుంచి తప్పుకుని అభిప్రాయ సేకరణ బాధ్యత తీసుకున్నారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆయన సరిగా నిద్రపోలేదు. పెద్దలను, సామాన్యులను, విడివిడిగా, గుంపులుగా అడిగారు. పరదాలో ఉన్న స్త్రీలను అడిగారు, మక్తబ్‌లో చదువుకునే పిల్లలను అడిగారు, మదీనాకు వచ్చిన బాటసారులను కూడా అడిగారు. ఇది చరిత్రకారుడు ఇబ్నె కసీర్ రాసిన వివరం.

పరదాలోని స్త్రీని ఆయన “నీ భర్త ఎవరంటున్నాడు?” అని అడగలేదు. మన ఇళ్ళలో మాత్రం పోలింగు నాటి ఉదయం భర్త ఒక గుర్తు చెబుతాడు. భార్య, కోడళ్ళు, కూతుళ్ళు అదే నొక్కి వస్తారు. భార్యకు తెలిసిన విషయాలు ఉంటాయి: రేషన్ సరిగా అందుతుందా, ఆసుపత్రిలో ఎవరు సాయం చేశారు, పొదుపు సంఘం డబ్బు ఎవరు తిన్నారు. వాటికి ఆమే సాక్షి, భర్త కాడు. హుదైబియాలో సహాబాలు దిగులుతో కదలనప్పుడు దైవప్రవక్త (స) ఉమ్మె సలమా (రజి) సలహా విని అమలు చేశారు. సలహా చెప్పవచ్చు, చర్చించవచ్చు. ఆజ్ఞాపించడం మాత్రం సాక్షిని బెదిరించినట్టే. బూత్‌లో అట్ట అడ్డు పెట్టేది అందుకే.

ఎవరూ యోగ్యులు కాకపోతే? సుప్రీంకోర్టు తీర్పుతో 2013 నుంచి యంత్రం మీద చివరి మీటగా ‘నోటా’ వచ్చింది. అదీ ఒక సాక్ష్యమే, కాదనను. కానీ లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. రెండు కీడుల మధ్య చిక్కుకున్నప్పుడు తక్కువ కీడును ఎంచుకోవాలన్నది ఫిఖహ్‌లో స్థిరపడిన సూత్రం. తక్కువ కీడు ఏదో కనిపిస్తున్నప్పుడు నోటా నొక్కడం కంటే దాన్ని ఎంచుకోవడమే మేలని నాకు తోస్తుంది.

కవరు, ప్రమాణం

2024 మే 13న జరిగిన పోలింగులో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం మంది ఓటు వేశారు. హైదరాబాదు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి మరీ వేశారు. ఓటు వేయడంలో మనవాళ్ళకు బద్ధకం లేదు. మన జబ్బు పోలింగుకు ముందు రెండు రాత్రుల్లో ఉంది.

లంచం ఇచ్చేవాణ్ణీ పుచ్చుకునేవాణ్ణీ దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖనం. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారమూ ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడూ నేరస్తుడే. అయినా సాకులు చెబుతారు. “మన దగ్గర దోచుకున్నదే కదా, తీసుకుంటే తప్పేమిటి?” అది దోచిన ప్రజాధనమే అయితే అందరిదీ, నీ ఓటుకు బదులుగా నీ ఒక్కడికి ఇస్తే అది తిరిగి రావడం కాదు. “రెండు పార్టీల దగ్గరా తీసుకుని నచ్చినవాడికే వేస్తాం.” న్యాయమైన సాక్ష్యం చెప్పడానికి తీసుకున్నా అది లంచమే. పైగా రెండోవాడికి చెప్పిన మాట అబద్ధం.

అందరికంటే ఎక్కువగా నలిగిపోయేది ప్రమాణం చేసినవారు. కవరు చేతిలో పెట్టి, ఖుర్ఆన్ మీదో, బిడ్డ తల మీదో ఒట్టు వేయించుకుంటారు. తరువాత ఆ తల్లి “ఒట్టు తప్పితే బిడ్డకు ఏమవుతుందో” అని వణుకుతూ, యోగ్యుడు కాడని తెలిసినవానికే వేస్తుంది. అమ్మా, భయపడకండి. బిడ్డ తల మీద వేసిన ఒట్టు షరీఅత్‌లో ప్రమాణమే కాదు. ప్రమాణం చేయవలసి వస్తే అల్లాహ్ పేరుతోనే చేయాలి, లేదంటే మౌనంగా ఉండాలి అన్నది ప్రవక్త (స) బోధ. ఆ ఒట్టుకు తౌబా చేసుకోవాలి, అంతే. ఖుర్ఆన్ మీద చెయ్యి వేసి ఏమీ పలకకపోతే అదీ ప్రమాణం కాదు. అల్లాహ్ పేరుతో, లేదా ఖుర్ఆన్ సాక్షిగా అని నోటితో పలికి ఉంటే అది ప్రమాణమే. కానీ తప్పు పనికి చేసిన ప్రమాణాన్ని నిలబెట్టుకోవడం పుణ్యం కాదు. ప్రమాణం చేశాక దానికంటే మేలైనది కనిపిస్తే ఆ మేలైనదే చేసి, ప్రమాణానికి కఫ్ఫారా చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు.

కఫ్ఫారా వివరం మాయిదా సూరా 89వ ఆయతులో ఉంది. పది మంది నిరుపేదలకు రెండు పూటలా కడుపునిండా భోజనం పెట్టాలి, లేదా పది మందికి బట్టలు ఇవ్వాలి. దానికి స్తోమత లేనివారు మూడు రోజాలు ఉండాలి. హనఫీ మస్లక్ ప్రకారం ఆ మూడూ వరుసగా ఉండాలి. తీసుకున్న సొమ్ము ఇచ్చినవానికే తిప్పి పంపాలి. అతను తీసుకోకపోయినా, ఎవరు ఇచ్చారో తెలియకపోయినా, పుణ్యం ఆశించకుండా ఆ మొత్తం పేదవారికి ఇచ్చివేయాలి. ఆ డబ్బుతో కఫ్ఫారా భోజనం పెడితే మాత్రం కఫ్ఫారా చెల్లదు.